ముడి మీద వేలు

బజారులో ఆమెను అందరూ చిటికెమ్మ అంటారు. ఎవరు పెట్టారో గానీ తప్పు పేరు పెట్టలేదు. గడప తొక్కిన మనిషి తనకేం కావాలో నోరు తెరిచి చెప్పేలోపే, కావలసింది బల్ల మీద ఉంటుంది. వచ్చినవాణ్ణి నిలబెడితే వాడి మనసు నడవడం మొదలుపెడుతుందని ఆమె సిద్ధాంతం. పింగాణీ కొట్టులో అడుగుపెట్టినవాడికి ఆలోచించుకునే తీరిక ఇవ్వకూడదు. ఆలోచిస్తే ఇంట్లో ఉన్న పాత కప్పులే బాగున్నాయనిపిస్తాయి.

ఆ రోజు వచ్చినావిడ కొత్తగా ఇల్లు మారిందట. నీలం అంచు కప్పులు ఆరు, సాసర్లు ఆరు. బేరం రెండు మాటల్లో తెగింది. కోడలు గబగబా కాగితాలు చుట్టి, అట్టపెట్టెలో సర్ది, తాడు కట్టి, తలుపు పక్కనున్న పీట మీద పెట్టింది. ఆవిడ సంచీ తెరిచి తాళాలు వెతుక్కుంటోంది.

ఆ పీటకు ఆనుకునే ఆయన కుర్చీ. చిటికెమ్మ భర్త పొద్దున్నుంచీ అందులోనే కూర్చుని ఉన్నాడు. ఎడమ చెయ్యి మోకాలి మీద కుదురుగానే ఉంది. కుడి చెయ్యి మాత్రం, కనపడని నూలుపోగునేదో పేనుతున్నట్టు, బొటనవేలూ చూపుడువేలూ కలిపి ఆడుతూనే ఉంది. పెట్టె మీద తాడు కొస ఒకటి వదులుగా వేలాడుతుంటే ఆయన చూశాడు. కాసేపు దాన్నే చూశాడు. తర్వాత మెల్లిగా ఒంగి, దాన్ని లోపలికి దోపడానికి చెయ్యి చాపాడు.

"అయ్యయ్యో, ఆయన్ని ముట్టుకోనివ్వకండి! పింగాణీ!" అంటూ ఆవిడ పెట్టెను ఒక్క లాగు లాగి గుండెకు హత్తుకుంది.

"కంగారు పడకండమ్మా," అంది చిటికెమ్మ, బల్ల వెనకనుంచి, ఎప్పటి వేగంతోనే. "ఆయన ఏదీ ముట్టుకోరు. ఊరికే కూర్చుంటారు, అంతే."

ఆవిడ వెళ్లిపోయింది. ఆయన చాపిన చెయ్యి గాలిలో ఇంకో క్షణం ఉండి, వెనక్కి వచ్చింది. దాన్ని తొడకింద పెట్టి, మీద కూర్చున్నాడు, అల్లరి పిల్లాణ్ణి గదిలో పెట్టి గడియ వేసినట్టు. చిటికెమ్మ చూసింది. చూసి, మిగిలిన కప్పుల్ని అరలో సర్దుకుంది.

మర్నాడు పొద్దున ఆమె ఆయనకు చొక్కా తొడిగి గుండీలు పెట్టబోయింది. ఐదు గుండీలూ ఆమెకు ఐదు రెప్పపాట్ల పని. ఆయన పెట్టుకుంటే పావుగంట. ఏ పనైనా ఎవరు త్వరగా చేస్తే వాళ్లు చెయ్యడమే లెక్క.

"చొక్కా వద్దు," అన్నాడాయన.

ఆయన గొంతు ఈ మధ్య పక్కగదిలోంచి వస్తున్నట్టు ఉంటోంది. ఆమె వినపడక, "ఆఁ?" అంది.

"కొట్టుకు రాను."

"ఏం, ఒంట్లో నలతగా ఉందా?"

"బాగానే ఉంది. ఊరికే కూర్చోవడానికి ఇంట్లోనూ కుర్చీ ఉంది కదా."

మొహం చూస్తే కోపమో, వేళాకోళమో తెలియదు. పార్కిన్సన్స్ అని డాక్టరు చెప్పకముందే ఆ మొహంలోంచి హావభావాలు ఒక్కొక్కటే సర్దుకుని వెళ్లిపోవడం మొదలైంది. నవ్వినా నవ్వనట్టే ఉంటుంది. ఆమె ఇంకో మాట అడగబోయి, వీధిలో షట్టర్లు లేస్తున్న చప్పుడు విని ఆగిపోయింది. మాత్రల డబ్బా, మంచినీళ్ల సీసా చేతికందేలా పెట్టి, అలారం సరిచూసి బయల్దేరింది.

నిజం చెప్పాలంటే, కొట్టు తెరిచాక ఆమెకు భుజాలు తేలికపడ్డాయి. ఇక ఒక కన్ను కుర్చీమీద పెట్టనక్కర్లేదు. ఎవరి మోచెయ్యి ఎక్కడ తగులుతుందో, ఏ గాజు గిన్నె ఎప్పుడు జారుతుందో అన్న భయం లేదు. రెండు కళ్లూ బేరం మీదే. పైగా ఆ పూటే కాంటీన్ నడిపే ఆయన వచ్చాడు, పెద్ద ఆర్డరుతో. వంద పళ్లేలు, అన్నే కప్పులు, రెండు విడతల్లో కావాలి.

"మొదటి విడత ఎల్లుండికల్లా అందాలి, చిటికెమ్మగారూ. మళ్లీ మాట తప్పకూడదు."

"ఎల్లుండి ఎందుకు? రేపటికే పంపిస్తా," అంది.

కోడలు పక్కనుంచి కళ్లు పెద్దవి చేసి చూసింది. ఆయన వెళ్లాక, "అత్తయ్యా, రేపటికా? అన్ని పళ్లేలు నేనొక్కదాన్నా?" అంది.

"నేను లేనా? ఒక్కోదాన్నీ విడిగా చుట్టకు, వరసలు పేర్చి మధ్యలో కాగితం వేసేయ్. త్వరగా కానీ."

ఇద్దరూ ఆ సాయంత్రానికి పెట్టెలన్నీ కట్టేశారు. చిటికెమ్మకు తృప్తిగానే ఉంది.

ఆ జబ్బున్నవాళ్లకు వారానికి రెండుసార్లు వ్యాయామం తరగతి. మర్నాడు ఆ తరగతి రోజు. కొట్టును కోడలికి అప్పజెప్పి, ఆయన్ని తీసుకుని వెళ్లింది. పొడవాటి హాలు, గోడవారగా పన్నెండు కుర్చీలు, పన్నెండు మంది. నేల మీద అడుగుకో రంగు టేపు ముక్క అడ్డంగా అంటించి ఉంది. హాలు గుమ్మం దగ్గర ఆయన కాళ్లు ఎప్పటిలాగే నేలకు అతుక్కున్నాయి. చిటికెమ్మ ఎప్పటిలాగే చెయ్యి పట్టి లాగింది.

"లాగకండి పిన్నిగారూ, పడిపోతారు," అంటూ వ్యాయామం నేర్పే అమ్మాయి వచ్చింది. "బాబాయిగారూ, కంగారు లేదు. ముందు ఆగండి. ఊపిరి తీసుకోండి. ఇప్పుడు ఆ ఎర్ర గీతను దాటాలి. పెద్ద అడుగు. ఒకటి!"

ఆయన గీతను చూశాడు. కాలు లేచింది. గీత దాటింది. తర్వాత పచ్చగీత, నీలంగీత, వరసగా దాటుకుంటూ వెళ్లిపోయాడు, వాకిట్లో నీటిగుంటలు దాటే మనిషిలా.

"బాబాయ్ బండి కదిలింది రోయ్," అన్నాడు పక్కనున్న పాత బస్సు డ్రైవరు. "నాకు బ్రేకులు బ్రహ్మాండం, గేరే పడి చావట్లేదు."

అందరూ నవ్వారు. తర్వాత చేతులు బారచాపడాలు, కుర్చీలోంచి లేవడాలు, కూర్చోవడాలు, గోడ అదిరేలా అంకెలు అరవడాలు. ఊపిరి తీసుకుంటుండగా ఆ అమ్మాయి ఆయన ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది.

"బాబాయిగారూ, మీరేం పని చేస్తారు?"

"పింగాణీ కొట్టమ్మా మాది," అంది చిటికెమ్మ. "ముప్ఫై ఏళ్లుగా..."

"పిన్నిగారూ, నేను ఆయన్ని అడిగాను."

కసురుకోలేదు. మెత్తగానే అంది. అయినా చిటికెమ్మ మొహం వేడెక్కింది. జవాబు ఆలస్యమైతే అందివ్వడం ఆమెకు వృత్తి. మొగుడి విషయంలో అది తప్పని ఎవరూ చెప్పలేదు. నోరు మూసుకుని మనసులో లెక్కపెట్టింది. ఒకటి, రెండు... ఏడు దగ్గర మాట ఆమె నాలుక చివరికి వచ్చేసింది, మింగేసింది. పదకొండు దగ్గర ఆయన పెదవులు కదిలాయి.

"సరుకు కట్టేవాణ్ణి. పింగాణీ, గాజు."

"కట్టేవారా? ఇప్పుడు కట్టరా?"

ఆయన కుడిచేతిని ఎత్తి చూపించాడు. అది ఆడుతూనే ఉంది.

"సరే. ఆ నీళ్ల సీసా అందుకుని నాకివ్వండి."

ఆయన చెయ్యి చాపాడు. చాపడం నెమ్మదే. కానీ సీసావైపు వెళ్తున్నకొద్దీ, వేళ్లు పేనుతున్న ఆ కనపడని నూలుపోగు తెగిపోయింది. సీసాను పట్టుకున్న చెయ్యి కదలకుండా ఉంది. ఆ అమ్మాయి చేతికిచ్చి, ఆయన చెయ్యి మోకాలి మీదికి తిరిగొచ్చాక మళ్లీ మొదలైంది ఆట.

"చాలామందికి ఇంతే పిన్నిగారూ. ఈ వణుకు ఖాళీచేతిది. పని చెబితే సద్దుమణుగుతుంది. అందరికీ ఒకేలా ఉండదనుకోండి. నెమ్మదితనం మాత్రం ఉంటుంది, దాన్ని తరమలేం. మాత్ర వేళ తప్పకూడదు, రోజూ నడవాలి, పేపరు గట్టిగా చదవాలి, కంటినిండా నిద్రపోవాలి. ఇంకా చేసుకోగలిగిన పని ఆయన్నే చేసుకోనివ్వాలి."

"నెమ్మదిగా కడితే కొట్టు నడవదమ్మా," అంది చిటికెమ్మ.

"అది నాకు తెలీదు. ఆ వ్యాపారం మీది," అని ఆ అమ్మాయి లేచి, డ్రైవరు దగ్గరికి వెళ్లింది.

తిరుగుదారిలో ఆయన గీతల్లేని రోడ్డు మీద కూడా లోలోపల అంకెలు చెప్పుకుంటూ నడిచాడు. ఆమె వెంట నడిచింది. పింగాణీ కొట్టులో వణికే మనిషి అంటే ఎవరికైనా భయమే. అందుకని ఆయన్ని తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది. కూర్చోబెడితే చేతులు ఖాళీ అయ్యాయి. ఖాళీ చేతులు వణికాయి. ఆ వణుకు చూసి ఇంకా భయపడింది. ఏ వ్యాపారంలోనూ ఇంత గుడ్డి బేరం ఆమె చెయ్యలేదు. అయినా సీసా వేరు, పింగాణీ వేరు, అని సర్దిచెప్పుకుంది.

మర్నాడు కొట్టు తెరిచిన అరగంటకే కాంటీనాయన ఒక పెట్టె మోసుకుంటూ వచ్చాడు. బల్ల మీద పెట్టి, మూత తెరిచి, ఊపాడు. గలగలమంది.

"చిటికెమ్మగారూ, మీరు నాకు అమ్మింది పళ్లేలా, పెంకులా?"

ఆమె కాగితం తీసి చూసింది. పైవి బాగున్నాయి. కిందివి నాలుగు నిలువునా చీలాయి. వాటి కింద ఇంకో ఐదు. ఒకదానిమీద ఒకటి పడుకోబెట్టి పేర్చిన పళ్లేలు. ఈ కొట్టులో పళ్లేన్ని ఎప్పుడూ పడుకోబెట్టరు. అంచు మీద నిలబెడతారు, పుస్తకాల్లా. పడుకున్న పళ్లెం పైవాళ్లందరి బరువూ మొయ్యాలి, నిలబడ్డ పళ్లెం తన బరువే మోసుకుంటుంది. ఇదంతా ఆయన చెప్పే పాఠం. కొట్టులో కట్టడం ఆయన పని గనుక ఆమె ఎన్నడూ పట్టించుకోలేదు, కోడలికి ఎవరూ నేర్పలేదు.

"మీరే కదత్తయ్యా, వరసలు పేర్చెయ్, త్వరగా కానీ అన్నారు," అంది కోడలు చిన్నగా.

"నేనే అన్నాను," అంది చిటికెమ్మ. దాచి ఏం లాభం.

కాంటీనాయన చెమట తుడుచుకున్నాడు. మంచి మనిషే, కానీ తొందర మనిషి. "షావుకారుగారు కట్టలేదా? ఆయన కట్టింది మెట్లమీంచి దొర్లినా పగిలేది కాదు."

"ఆయనకు ఒంట్లో బాగోవట్లేదు."

"పాపం. అయితే రేపు పన్నెండుకల్లా రెండో విడత, ఈ పగిలినవాటికి బదులూ కలిపి కట్టి ఉంచండి. వ్యాను తెచ్చుకుంటా. ఈసారి ఒక్కటి పగిలినా నేను వేరే కొట్టు చూసుకుంటానమ్మా, ఏమీ అనుకోవద్దు."

కట్టడానికి కాగితాలు అయిపోయాయి. ఇంట్లో పాత పేపర్ల దొంతర ఉందని గుర్తొచ్చి, చిటికెమ్మ వెంటనే బయల్దేరింది. తలుపు తీసి లోపలికి వెళ్తే, దొంతర ఉండాల్సిన మూల ఖాళీ.

వంటింట్లోంచి గొంతు వినపడింది. పక్కగదిలోంచి వస్తున్నట్టుండే గొంతు కాదు. వ్యాయామం హాల్లో వినపడే గొంతు.

"ఒకటి! మూల మడు. రెండు! దొర్లించు. మూడు! కాగితం కొస లోపల కుక్కు. నాలుగు!"

ఆమె గుమ్మం దగ్గరే ఆగిపోయింది. బల్ల ముందు నిలబడి ఉన్నాడాయన, కాళ్లు ఎడంగా పెట్టుకుని. బల్లనిండా పేపర్లు. ఇంట్లో ఉన్న గ్లాసులూ కప్పులూ అన్నీ ఒకదాని తర్వాత ఒకటి చుట్టుకుని వరసగా నిలబడి ఉన్నాయి, స్కూలు పిల్లల్లా. ఆయన చేతిలో ఒక కప్పుంది. కాగితం మూలమీంచి దాన్ని దొర్లిస్తున్నాడు. ఒక్కో కదలికకూ మధ్య ఇంకో మనిషైతే టీ తాగి రావచ్చు. కానీ చెయ్యి వణకడం లేదు. ముప్ఫై ఏళ్లుగా ఆమె పక్కన నిలబడి కట్టిన చెయ్యే అది, కాకపోతే నీళ్లలో కదులుతున్నట్టు ఉంది.

కప్పు వరసలో చేరింది. ఆయన అప్పుడు చూశాడు ఆమెను.

"ఎంతసేపైంది వచ్చి?"

"ఇప్పుడే," అని అబద్ధం చెప్పింది. నేలమీద చెత్తచేటలో పెంకులు కనపడ్డాయి. "అవేంటి?"

"పోయినవి. మొన్న నాలుగు. నిన్న రెండు. ఇవాళ ఒకటే."

"ఇంట్లో మంచినీళ్లు తాగడానికి ఒక గ్లాసైనా మిగిల్చారా?"

"స్టీలువి ఉన్నాయిగా," అన్నాడు. మొహంలో ఏమీ లేదు. కళ్లలో ఉంది. ఇన్నాళ్లూ ఆమె మొహం చూసి లెక్కవేస్తోంది, కళ్లదాకా వెళ్లలేదు. ఏదైనా చూడ్డానికి ఆమెకు అంత తీరిక ఉండదు మరి.

ఆయన కుర్చీలో కూర్చున్నాడు. కూర్చోగానే చెయ్యి ఆడడం మొదలుపెట్టింది.

"కనిపెట్టాను," అన్నాడు. "మాత్ర వేసుకున్న ముప్పావుగంటకు చెయ్యి నా మాట వింటుంది. రెండుగంటలపాటు. తర్వాత దాని మాట అది వింటుంది. పెద్దగా లెక్కపెడుతుంటే ఇంకాస్త బాగా వింటుంది. పక్కింటివాళ్లు వచ్చి అడిగారు, ఎవర్ని తిడుతున్నారని."

ఆమెకు నవ్వొచ్చింది. ఎదురుగా కూర్చుంది.

"ఆ రోజు నేను అలా అనకుండా ఉండాల్సింది."

"ఏమని?"

"మీరేదీ ముట్టుకోరని."

జవాబు కోసం ఈసారి ఆమె లెక్కపెట్టలేదు. ఎంతసేపైనా కూర్చుంటుంది ఇప్పుడు.

"నువ్వు అనకపోతే ఆవిడ పెట్టె వదిలేసి పోయేది. బేరం నిలబెట్టావు."

"బేరం నిలబెట్టాను. మిమ్మల్ని కొట్టులోంచి లేపేశాను."

ఆయన చుట్టిన కప్పొకటి ఆమెవైపు జరిపాడు. ఆమె దాన్ని చేతిలోకి తీసుకుని నొక్కి చూసింది. ఎక్కడా వదులు లేదు.

"రేపు పన్నెండుకి కాంటీన్ సరుకు వెళ్లాలి," అంది. "తొమ్మిదింపావుకి మాత్ర వేసుకుంటే?"

"పదింటికి చెయ్యి సిద్ధం."

మర్నాడు చొక్కా గుండీలు ఆయనే పెట్టుకున్నాడు. ఆమె మంచం అంచున కూర్చుని, తన రెండు చేతుల్నీ తొడలకింద పెట్టుకుంది. వాటిని నమ్మలేక. మూడో గుండీ దగ్గర ఒకసారి కన్నంలోంచి జారింది, మళ్లీ మొదలుపెట్టాడు. ఆ పదిహేను నిమిషాల్లో ఆమెకు తెలియని కండరాలు కూడా నొప్పిపుట్టాయి. కొట్టుకు వెళ్లడం ఆలస్యమైంది. ఎదురు కొట్టువాడు, "అమ్మగారికి జ్వరమా?" అని అడిగాడు.

కొట్టు గడప దగ్గర ఆయన కాళ్లు ఆగాయి. ఆమె చెయ్యి అలవాటుగా ముందుకెళ్లి, దానంతటదే వెనక్కి వచ్చింది. "పెద్ద అడుగు," అనబోతూ కిందికి చూసింది. గడపనుంచి కట్టే బల్లదాకా, పెట్టెలకంటించే గోధుమరంగు టేపు అడ్డగీతలుగా అంటించి ఉంది.

"నిన్న మీరు చెప్పారు కదత్తయ్యా, హాల్లో గీతలున్నాయని," అంది కోడలు. "మామయ్యగారి అడుగు కొలత తెలీక నా అడుగుకే వేశాను. ఎక్కువ దూరమైతే చెప్పండి."

"సరిపోతుంది," అన్నాడాయన. "ఒకటి!"

పదింటికి మొదలుపెట్టారు. అడుగున నలిపిన కాగితం మందంగా. దానిమీద పళ్లేలు అంచుమీద నిలువుగా, రెండేసి వీపులు ఆనించి. ఆయన పళ్లేలు కట్టాడు, కోడలు ఆయన్ని చూసి కప్పులు కట్టింది. "అలా కాదమ్మా, మూల నుంచి," అని ఆయన రెండుసార్లు ఆపాడు. మధ్యలో వచ్చినవాళ్లను చిటికెమ్మ చూసుకుంది. నేలమీద గీతలేమిటని అడిగినవాళ్లకు, "డిజైను," అని చెప్పింది.

పదకొండున్నరకే కాంటీనాయన వ్యాను దిగాడు. మూడు పెట్టెలు మిగిలున్నాయి. కట్టే బల్ల దగ్గర ఆయన్ని చూసి ముందు సంతోషించాడు. ఒక పళ్లేన్ని చుట్టడం పూర్తయ్యేదాకా చూశాక ఆ సంతోషం సన్నబడింది.

"అమ్మా, నాకు మధ్యాహ్నం భోజనాలు. మీరూ ఒక చెయ్యి వేస్తే పది నిమిషాల్లో అయిపోతుంది కదా. మీ చెయ్యి సంగతి నాకు తెలీదా?"

అవును, పది నిమిషాల పని. ఆమె వేళ్లు బల్లమీద లేచాయి. ఎదురుగా ఆయన పని ఆపి ఉన్నాడు. ఆమెవైపు చూడలేదు, పళ్లేన్నే చూస్తున్నాడు. ఆమె చెయ్యి పెడితే ఆయన పక్కకు జరుగుతాడు. మాట కూడా అనడు. జరిగి, నిదానంగా గీతలు దాటుకుంటూ వెళ్లి, ఆ కుర్చీలో కూర్చుంటాడు. ఇక లేవడు.

"పన్నెండన్నారు," అంది చిటికెమ్మ. "ఇంకా అరగంట ఉంది."

"అలా అంటే ఎలాగమ్మా? పక్క వీధిలో అయితే ఈపాటికి..."

"పక్క వీధికి వెళ్లండయ్యా. తొందరగా కట్టిన పెంకులు అక్కడా దొరుకుతాయి."

కోడలి చేతిలో కప్పు ఆగిపోయింది. ఈ కొట్టులో వచ్చినవాణ్ణి వెళ్లమనడం ఆమె ఎప్పుడూ వినలేదు. చిటికెమ్మ కూడా వినలేదు. ఆ మాట తన నోట్లోంచే వచ్చింది. ఇంత పెద్ద ఆర్డరు మళ్లీ ఎప్పటికో.

కాంటీనాయన గుమ్మందాకా వెళ్లాడు. వ్యానును చూశాడు. వెనక్కి తిరిగి, తలుపు పక్కన ఖాళీగా ఉన్న కుర్చీని లాక్కుని కూర్చున్నాడు.

"పొమ్మంటే పోవడానికి నేనేమన్నా పరాయివాణ్ణా?" అని గొణిగాడు. "కానివ్వండి షావుకారుగారూ."

ఆయన చెయ్యి మళ్లీ కదిలింది. పళ్లెం తర్వాత పళ్లెం. రెండు పెట్టెలు మూతపడ్డాయి. ఆఖరి పెట్టె దగ్గరికి వచ్చేసరికి మాత్ర దిగిపోతున్న సంగతి చిటికెమ్మకు కనపడుతూనే ఉంది. అంకెలు చెప్పే గొంతు సన్నబడింది, వేళ్లు కాగితాన్ని వెతుక్కుంటున్నాయి. పళ్లేలు అయ్యాయి. మూత పడింది. తాడు చుట్టూ తిప్పాడు, అడ్డంగా, మళ్లీ నిలువుగా. రెండు కొసలూ చేతిలోకి తీసుకుని ఆగాడు.

దూరంగా ఫ్యాక్టరీలో పన్నెండుగంటల కూత కూసింది.

"నేను వేస్తాలెండి ముడి, ఇటివ్వండి," అని కాంటీనాయన లేవబోయాడు.

"మీరు కూర్చోండి," అంది చిటికెమ్మ.

కొసలు వదలకుండానే ఆయన తలెత్తి ఆమెను చూశాడు.

"ఇదిగో," అన్నాడు. "ఇక్కడ వేలు పెట్టు."

ఆమె బల్ల చుట్టూ తిరిగి వచ్చి, రెండు తాళ్లూ కలిసిన చోట చూపుడువేలు పెట్టి నొక్కింది. తాడు కట్టేవాడెవడికైనా ఆ వేలు కావాల్సిందే. ఎంత గట్టి చెయ్యి ఉన్నవాడైనా, ఎదుటివాణ్ణి పిలిచి అడిగే సాయమే అది. ఆయన ఒక కొసను రెండో దానికిందికి తీసుకెళ్లాడు. జారింది. మళ్లీ తీసుకెళ్లాడు. ఆయన వేళ్లలోంచి సన్నటి వణుకు తాడుగుండా ఆమె వేలిదాకా వస్తోంది. వస్తే రానీ. ఆమె నొక్కిపట్టుకుంది.

కాంటీనాయన గోడగడియారం చూశాడు. బల్లదగ్గరి ఇద్దర్నీ చూశాడు. మిగిలిన పెట్టెల్ని ఒక్కొక్కటే ఎత్తుకుని, చప్పుడు చెయ్యకుండా వ్యానులోకి చేర్చడం మొదలుపెట్టాడు.

కొస ఈసారి దాటింది. ఆయన లాగాడు. తాడు ఆమె వేలి చుట్టూ బిగిసింది.

"ఇక తియ్యి," అన్నాడు. "తియ్యకపోతే నిన్ను కూడా కాంటీన్‌కి పంపించేస్తా."

"పంపించండి. అక్కడైనా కూర్చోబెట్టి అన్నం పెడతారు," అంది చిటికెమ్మ. వేలు మాత్రం తియ్యలేదు. ఇంకా రెండో ముడి పడాలి.